ఒక్కపొద్దు ఉగ్గాని

మెడ వెనక నలుపు పోవడానికి పద్మప్రియ చెయ్యని పని లేదు. శెనగపిండిలో పెరుగు కలిపి రుద్దింది. నిమ్మచెక్కతో తోమితే మంట పుట్టి కళ్లలో నీళ్లు తిరిగాయి. తాళిగొలుసులో రాగి ఎక్కువ కలిపి ఉంటారని అనుమానపడి, గొలుసు తీసి బీరువాలో పెట్టి పసుపుతాడు వేసుకుంది. నలుపు మాత్రం మఖమల్ గుడ్డ పరిచినట్టు మెత్తగా, మందంగా అక్కడే ఉండిపోయింది. చివరికి జుట్టు ముడిని కాస్త కిందికి దించి వేసుకోవడం అలవాటు చేసుకుంది. నలభై దాటిన మనిషి, ఒళ్లు చేసిన మనిషి. బుక్కరాయసముద్రంలో ఆమె మెడ పట్టి చూసేవాళ్లెవరు?

చూసింది డాక్టరమ్మ. అదీ పద్మప్రియ తన కోసం వెళ్లినప్పుడు కాదు.

ఆ రోజు తన తల్లి తిమ్మక్కను చూపించడానికి అనంతపురం తీసుకుపోయింది. తిమ్మక్కకు చాలా ఏళ్లుగా షుగరు. కిందటేడు నల్లమాడలో, చేనికాడ, ఎడమకాలి బొటనవేలికి ముల్లు దిగింది. దిగిన సంగతి ఆమెకు తెలియనే లేదు. వాసన వచ్చాక తెలిసింది. ముందు వేలు తీశారు, తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలి కింది వరకూ. అప్పటినుంచి కూతురి దగ్గరే ఉంటోంది, చక్రాల కుర్చీలో.

డాక్టరు ఇంద్రాణి పెద్దామె కుడిపాదాన్ని పరీక్షించింది. తిమ్మక్కను కళ్లు మూసుకోమని, సన్నటి ప్లాస్టిక్ పోగుతో అరికాలి మీద అక్కడక్కడా తాకించి, "తగిలిందా అవ్వా?" అని అడిగింది. కొన్ని చోట్ల తగిలిందంది తిమ్మక్క, కొన్ని చోట్ల ఊరికే ఉండిపోయింది. పరీక్ష అయిపోయాక పద్మప్రియ వంగి తల్లికి చెప్పు తొడుగుతోంది.

"అట్లే ఉండమ్మా, లేయొద్దు," అంది డాక్టరు. "ఆ ముడి పక్కకు తీయ్."

పద్మప్రియ వంగింది వంగినట్టే ఆగిపోయింది.

"ఎప్పట్నుంచి ఉండాది ఈ నలుపు?"

"గొలుసు రాపిడికి మేడం. ఎంత రుద్దినా..."

"రుద్దితే పోయేది కాదమ్మా ఇది. లోపల్నుంచి వస్తాంది. రేపు పొద్దున ఏమీ తినకుండా వచ్చి రక్తం ఇచ్చి పో."

తిమ్మక్కకు కోపం వచ్చింది. "దానికేమొచ్చె మేడం? బండరాయి మాదిరి ఉండాది నా బిడ్డ."

"నువ్వూ అట్లే ఉంటివి కదవ్వా," అంది డాక్టరు.

మర్నాడు పద్మప్రియ ఏమీ తినకుండా పోయి రక్తం ఇచ్చి వచ్చింది.

రెండు రోజుల తర్వాత పద్మప్రియ ఒక్కతే వెళ్లింది. డాక్టరు కాగితాలు చూసి, "మీ ఆయన ఏం పని చేస్తాడు?" అని అడిగింది. ఈ ప్రశ్న దేనికో పద్మప్రియకు అర్థం కాలేదు.

"కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగు కడతాడు మేడం."

"అయితే నీకు చెప్పడం సులువే. బోర్లో నీళ్లు లోతుకు పోయేకొద్దీ మోటారు ఏం చేస్తాది?"

"ఎక్కువసేపు తిరుగుతాది."

"చేనుకు నీళ్లు పారుతానే ఉంటాయి కాబట్టి, పైన నిలబడినోనికి అంతా బాగున్నట్టే ఉంటాది. మోటారు మాత్రం లోపల వేడెక్కుతా ఉంటాది. నీ ఒంట్లో జరుగుతాండేది అదే. ఇన్సులిన్ ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ పుడతాంది. ఒళ్లు దాని మాట వినడం లేదు, అందుకని ఇంకా ఎక్కువ పుట్టాల్సి వస్తాంది. షుగరు ఇంకా అంచులోనే ఉండాది. మోటారు అలిసిపోయినాక వస్తే నా చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. ఇప్పుడైతే నీ చేతిలోనే ఉండాది."

"నాకూ కాలు తీస్తారా మేడం?"

"అంత దూరం పోకుండా ఉండేదానికే చెప్తాండా, విను."

డాక్టరు చాలాసేపు చెప్పింది. తిండి ఎంతనేదే కాదు, ఎట్లాంటిదో కూడా చూసుకోమంది. ఏవేవో పేర్లు చెప్పింది, నడవమంది. పద్మప్రియ అన్నిటికీ తల ఊపింది. ఆమె చూపు మాత్రం వెనకున్న డ్రెస్సింగు గది తలుపు మీద ఉంది. కిందటేడు ఆ గదిలో తల్లి మడమను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది తనే. కట్టు విప్పినప్పుడు మొహం పక్కకు తిప్పుకుంది కూడా తనే. డాక్టరు మాటల్లో ఆమె మనసుకు ఎక్కింది ఒకే ఒక్కటి, అన్నం. అన్నం తినకూడదు. మిగిలిన మాటలన్నీ ఆ బల్ల దగ్గరే ఉండిపోయాయి.

ఇల్లు చేరేసరికి ముందు వసారాలో భర్త నాగేశ్వర మోటారు విప్పుతున్నాడు. కాలిన వార్నీషు వాసన ఆ ఇంట్లో కొత్త కాదు. పెళ్లైన దగ్గరనుంచి ఆ వాసనలోనే ఆమె వండింది, తిన్నది, పడుకుంది. ఆ రోజు మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గడప దాటింది.

"ఏమనె డాక్టరమ్మ?"

డాక్టరు చెప్పిన మోటారు సంగతి చెప్పింది. నాగేశ్వర నల్లబడిన తీగ చుట్టను చేతిలోకి తీసుకుని చూస్తూ విన్నాడు. భార్య మొహం చూసి నవ్విద్దామనుకున్నాడు, పాపం. "దీనికైతే నేను కొత్త రాగితీగ చుడతా. నీకెవరు చుడతారే?"

ఆమె నవ్వలేదు. అతనికీ తన మాట తప్పుగా పడిందని తెలిసి, తలొంచుకుని పనిలో పడ్డాడు.

తిమ్మక్క మాత్రం కూతుర్ని దగ్గరికి పిలిచి, చేయి పట్టుకుని, తనకు తెలిసిన ఓదార్పు చెప్పింది. ఆ ఓదార్పు ఇంకా భయపెట్టింది.

"పాపా, నేను రాత్రిపూట అన్నం ముట్టి ఎన్నేండ్లాయ! డాక్టర్లు వద్దనిన కాన్నుంచి ముట్టల్యా. శనివారం ఒక్కపొద్దు ఉన్నట్లు, దినామూ రాత్రి ఒక్కపొద్దే ఉంటిని. కదిరి స్వామి సాక్షి. అయినా పోయ కదా కాలు? మా నాయనకూ ఇట్లే పోయ. రాసిపెట్టిండేది యాడికి పోతాది!"

తల్లి అబద్ధం ఆడే మనిషి కాదు. నోటి విషయంలో ఆమె నిష్ఠ పద్మప్రియ చిన్నప్పటినుంచీ చూసిందే. శనివారం పెళ్లి భోజనానికి పిలిచినా మెతుకు ముట్టేది కాదు. అంత కట్టుగా ఉన్న మనిషికే కాలు పోతే, పండగకు రెండు సార్లు వడ్డించుకునే తనకు ఏం మిగులుతుంది? ఆ ఆలోచన వచ్చాక పద్మప్రియకు రెండే దారులు కనిపించాయి. తల్లికన్నా కట్టుగా ఉండటం. లేదా రాసిపెట్టినదాని కోసం ఎదురుచూడటం.

ఆమె మొదటి దారి పట్టింది.

మూడు పూటలా అన్నం మానేసింది. ఆ ఇంట్లో అన్నం కానిదంటే ఒకటే, ఉగ్గాని. శనివారం ఒక్కపొద్దుకు వాళ్లమ్మ చేసింది, వాళ్లమ్మమ్మ చేసింది. బొరుగులు, అంటే మరమరాలు, నీళ్లలో ముంచి పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయల తిరగవాతలో వేసి, పప్పుల పొడి చల్లితే అయిపోయె. బొరుగులు అన్నం కాదు కాబట్టి ఒక్కపొద్దు చెడదు. చేత్తో ఎత్తితే బరువే తెలియదు. బస్తా నిండా ఉన్నా భుజాన వేసుకుని పోవచ్చు. అంత తేలికైనది ఒంటికి ఏం చేస్తుంది? బజ్జీలు మానేసింది, నూనె చెంచాతో కొలిచి పోసింది. పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం ఉగ్గాని, సాయంత్రం ఆకలేస్తే పొడి బొరుగులు, రాత్రి తల్లితో కలిసి మళ్లీ ఉగ్గాని.

"ఇల్లంతా ఒక్కపొద్దులే అయిపాయ," అన్నాడు నాగేశ్వర. "స్వామికే విసుగొస్తాది." అతను మాత్రం జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర చేయించుకుని తినేవాడు. అతనికి ఉగ్గాని పడదు, తింటే గంటకే ఆకలంటాడు.

గంటకే ఆకలి పద్మప్రియకూ వేసేది. అది నిష్ఠకు గుర్తనుకుని ఓర్చుకుంది. తిన్న కాసేపటికి కళ్లు మూతలు పడేవి, కూర్చున్న చోటే తూగేది. అన్నం లేక నీరసమనుకుంది. జాకెట్లు వదులవుతాయని చూసింది, అవలేదు. మెడ మీద నలుపు కదల్లేదు.

భయం మాత్రం రోజూ కాస్త పెరిగింది. స్నానం చేశాక చేతిఅద్దం కింద పెట్టి అరికాళ్లు చూసుకునేది. వేళ్ల సందుల్లో చూసుకునేది. చెప్పులు తొడుక్కునే ముందు తిరగేసి దులిపేది. చీపురుపుల్ల తీసుకుని, కళ్లు మూసుకుని, డాక్టరు చేసినట్టు అరికాలికి తాకించుకునేది. కానీ పుల్ల పట్టుకున్న చెయ్యి తనదే కదా. ఎక్కడ పెడుతున్నదీ చేతికి ముందే తెలుసు. తగిలిందని అరికాలు చెబుతోందో, చెయ్యి చెబుతోందో తేల్చుకోలేక పుల్ల విసిరేసేది.

వసారాలో నాగేశ్వర బాగుచేసిన మోటారుకు కరెంటు ఇచ్చి చూసినప్పుడల్లా ఆ గుర్రుమనే చప్పుడుకు ఆమె చేతిలో పని ఆగిపోయేది.

ఒక పొద్దున, టిఫిన్లు అయ్యి కాస్త పొద్దెక్కాక, తల్లికి షుగరు చూడటానికి మిషను తీసింది. తిమ్మక్క చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ముందు నీది చూసుకో. దినామూ అద్దం పెట్టుకొని కాళ్లకు దిష్టి తీస్తాండావు. నేను చూడల్యా అనుకుంటివా?"

పద్మప్రియకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. వేలికి సూది పొడుచుకుని చుక్క పెట్టింది. మిషను మీద నూట తొంభై ఆరు వచ్చింది.

చెయ్యి సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, రెండో చేతి వేలు పొడిచింది. నూట తొంభై మూడు.

"అమ్మా, నేను పొద్దున్నుంచి ఏమీ తినల్యా!"

"ఉగ్గాని తింటివి కదే."

"ఉగ్గాని తప్ప ఏమీ తినల్యా అంటాండా!"

"ఉగ్గాని ఏం తిండిలే! ఒక్కపొద్దుకే చెడనిది షుగరుకు చెడుతాదా? మిషను చెడిపోయింటాది."

ఆ మాట పట్టుకుని పద్మప్రియ వసారాలోకి పరిగెత్తింది. నాగేశ్వర చేతులు కడుక్కుని మిషను తిప్పి చూశాడు. అతని పనిలో ఒక పద్ధతి ఉంది. మోటారు తిరగకపోతే ముందు మోటారు విప్పడు. తిరుగుతుందని తెలిసిన ఇంకో మోటారు ఆ తీగలకే తగిలించి చూస్తాడు. అదీ తిరగకపోతే తప్పు కరెంటుది, తిరిగితే తప్పు మోటారుది. ఇప్పుడూ అదే చేశాడు. తన వేలు ముందుకు చాపాడు.

"నాకు పొడువు. నేనూ నీతోపాటే రొట్టె తింటిని."

నూట పద్దెనిమిది.

"మిషను బాగుండాది పద్మా," అన్నాడు. ఈసారి నవ్వించే ప్రయత్నం చెయ్యలేదు.

అంటే తప్పు తనలో ఉంది. తన ఒంట్లో మోటారు కాలిపోతోంది. అన్నం మెతుకు ముట్టకపోయినా కాలిపోతోంది. తల్లి చెప్పిందే నిజం, ఏం చేసినా ఆగదు. పద్మప్రియ వంటింట్లోకి పోయి పొయ్యి గట్టు పట్టుకుని నిలబడింది. తన కాళ్లకేసి చూడటానికి కూడా ధైర్యం చాలలేదు.

గట్టు మీద పళ్లెంలో, మధ్యాహ్నానికని ముంచి పిండేసి పెట్టిన బొరుగులున్నాయి. పొద్దుటి నుంచి అట్లాగే ఉండి అణిగిపోయాయి. పడేద్దామని ఆమె ఒక పిడికెడు తీసింది. ఏమీ తోచక, కోపమో భయమో తెలియక, పిడికిలి గట్టిగా నొక్కింది. నీళ్లు కారాయి. పిడికిలి విప్పింది.

అరచేతిలో ముద్ద ఉంది. తెల్లగా, జిగటగా, వేళ్లకు అంటుకుంటూ. వేళ్ల అచ్చులు దాని మీద పడి ఉన్నాయి. చిన్నప్పుడు తల్లి కలిపి చేతిలో పెట్టిన ముద్దల్లే ఉంది. పప్పు, నెయ్యి లేవు, అంతే.

ఆమె ఆ ముద్దను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. అన్నం. గాలి ఊది ఉబ్బించిన అన్నం. ఆ పళ్లెంలో కొండలా కనిపించే బొరుగులను నీళ్లలో ముంచితే ఎంతకు దిగుతాయో రోజూ చూస్తూనే ఉంది. బొరుగులు బియ్యంతోనే చేస్తారని తెలియనిదెవరికి? ఆమెకూ తెలుసు. ఆ తెలిసినదాన్నీ, ఉగ్గాని అన్నం కాదన్న మాటనూ ఎన్నడూ ఒక దగ్గర పెట్టి చూడలేదు. ఒక్కపొద్దుకు చెడనిదని దేవుడి గదిలో ఉన్న లెక్కను తెచ్చి రక్తానికి పెట్టింది. పైగా అన్నంలో అయితే పప్పుండేది, ఆకుకూరుండేది, మజ్జిగుండేది. వాటన్నిటినీ మానేసి మూడు పూటలా ఇది తిన్నది.

ముద్దను చేతిలోనే పెట్టుకుని తల్లి దగ్గరికి పోయింది. అరచెయ్యి చాపింది.

తిమ్మక్క ముద్దను చూసింది. వేలితో నొక్కింది. కూతురి మొహం చూసింది.

"ఇది బొరుగులా?"

"బొరుగులేమ్మా."

తిమ్మక్క చెయ్యి ఎడమవైపు, మోకాలి కింద మడిచి దోపిన చీర మీదికి పోయి ఆగింది. పద్మప్రియకు అప్పుడు తట్టింది, తను ఏం చూపించిందో. తన భయంలో పడి ఆ పిడికిలిని తల్లి ముందు విప్పి ఉండకూడదు. చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. తిమ్మక్క మణికట్టు పట్టుకుంది.

"అన్నేండ్లు రాత్రిళ్లు ఇదే," అంది. "ఆకలైతే ఇంకొంచెం పెట్టుకొని తింటిని పాపా. ఒక్కపొద్దే కదాని కడుపునిండా తింటిని."

"అమ్మా, అదొక్కటే కాదులే..."

"రాసిపెట్టినాడని స్వామిని తిట్టుకుంటాంటిని." తిమ్మక్క గొంతు పెరిగింది. "దినామూ తిట్టుకుంటాంటిని! రాసిండేది లేదు, ఏమీ లేదు. తీసుకుపో ఆ పళ్లెం!"

ఆ మధ్యాహ్నం ఆమె ఏమీ తినలేదు. కూతురు పక్కన కూర్చుంటే మొహం గోడకు తిప్పుకుంది.

మర్నాడు తనే అడిగింది, డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మని. డాక్టరు ఇంద్రాణి అంతా విని, నుదురు పట్టుకుంది. "అన్నం పూర్తిగా మానేయమని నేను చెప్పలేదు కదమ్మా! సగం పళ్లెం కూరగాయలు, ఆకుకూర పెట్టుకోమంటి. పప్పో, గుగ్గిళ్లో, గుడ్డో తప్పకుండా ఉండాలంటి. కొర్రన్నమో, జొన్నరొట్టెనో, బియ్యమన్నమైనా సరే, కొంచెం చాలంటి. బొరుగులు, బ్రెడ్డు, మైసూరుపాకు ఇట్లాంటివి దూరం పెట్టమంటి. నువ్వు తల ఊపితివి."

"భయంలో నాకేమీ వినపడల్యా మేడం," అంది పద్మప్రియ.

తిమ్మక్క కుర్చీలో ముందుకు వంగింది. "మేడం, ఒకటి అడుగుతా. మందు పూసినట్లు చెప్పాకు, ఉండేది చెప్పు. నేను రాత్రిళ్లు గుగ్గిళ్లు తినింటే ఈ కాలు ఉండునా?"

డాక్టరు చేతిలో పెన్ను కింద పెట్టింది. "చెప్పలేనవ్వా. మధ్యలో మాత్రలు ఆపేసినావు. ముల్లు గుచ్చుకుంటే చూసుకోలేదు. తిండి వల్లనే పోయిందంటే అది అబద్ధం. తిండికీ దానికీ సంబంధమే లేదంటే అదీ అబద్ధమే."

తిమ్మక్క తల ఊపింది. ఆటోలో, కూతురి భుజానికి ఆనుకుని, "ఈమె మేలు," అంది. "అబద్ధం చెప్పల్యా."

పద్మప్రియ భయం పోయిందనడానికి లేదు. మారింది. ఇదివరకు అది ఎక్కడినుంచో వచ్చి మీద పడేదానిలా ఉండేది. ఇప్పుడు పొయ్యి దగ్గర, పళ్లెం దగ్గర, గరిటె పట్టుకున్న చేతిలో ఉంది. కొర్రలు కొలిచినప్పుడు ఉంది. తోటకూర పప్పు రెండోసారి వడ్డించుకుని, అన్నం గిన్నె మూత పెట్టేసినప్పుడు ఉంది. రాసిపెట్టి ఉందనుకున్నప్పుడు కనీసం తప్పు తనది కాదు. ఇప్పుడు ప్రతి ముద్దా తనదే. సాయంత్రాలు చెరువుకట్ట మీద నడుస్తూ, కాళ్లు నేలకు ఆనడం గమనించుకుంటూ, లోపలి మోటారు చప్పుడు వినిపిస్తుందేమోనని చెవి పెట్టేది. అది వినపడేది కాదని తెలిసినా.

కొన్ని నెలలు పోయాక మళ్లీ రక్తం ఇచ్చింది. ఫలితం చూసేటప్పుడు డాక్టరు మొహం చదవడానికి ప్రయత్నించి, చదవలేక, కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"తగ్గింది," అంది డాక్టరు. "ఇంకా ఎక్కువగానే ఉండాది. కానీ తగ్గింది. బరువూ కొంచెం దిగింది. ఈసారి నేను చెప్పేది విను, తల ఊపాకు."

మెడ మీద నలుపు ఉంది. అది పోవడానికి ఇంకా చాలా కాలం పడుతుందట.

ఆ శనివారం తిమ్మక్క ఒక్కపొద్దు. సాయంత్రం దీపం పెట్టాక, పద్మప్రియ అలసంద గుగ్గిళ్లు, పైన తురిమిన కొబ్బరి, పక్కన దోసకాయ ముక్కలు పెట్టిన పళ్లెం తెచ్చి తల్లికి ఇచ్చింది. ఇది ఒక్కపొద్దుకు పనికొస్తుందా అని అడగబోయి ఆగింది. తిమ్మక్క ఒక గింజ నోట్లో వేసుకుని నమిలి, "స్వామి ఏమీ అనుకోడులే," అంది. "ఆయనకు తెలిసినంత నాకు తెలీకపాయ, అంతే."

తిన్నాక చెయ్యి కడుక్కుని, మూలనున్న చీపురు తెమ్మంది. అందులోంచి సన్నటి పుల్ల ఒకటి విరిచింది.

"కూచో. కాళ్లు ఇట్ల నా ఒళ్లో పెట్టు."

"ఒద్దులేమ్మా, తల్లి ఒళ్లో కాళ్లు పెడతారా ఎవరన్నా?"

"పెట్టు అంటాండా. నీకు నువ్వు చూసుకుంటే యాడ పెడతాండావో నీకు తెలుస్తాది. కండ్లు మూసుకో."

పద్మప్రియ కాళ్లు చాపి తల్లి ఒళ్లో పెట్టింది. కుడి మడమ కింద తల్లి మోకాలు తగిలింది, ఆ కింద ఏమీ తగల్లేదు. కళ్లు మూసుకుంది. వసారాలో నాగేశ్వర పనిముట్లు సర్దుకుంటున్న చప్పుడు. బొటనవేలి కింద ఏదో గీరినట్టయింది.

"తగిలిందా?"

"తగిలింది."

మడమ మీద. "తగిలిందా?"

"ఆ."

తర్వాత ఏమీ లేదు. ఆమె ఎదురుచూసింది. ఊపిరి బిగబట్టి, ఉన్న మనసంతా అరికాళ్ల మీద పెట్టి చూసింది. ఎక్కడా ఏమీ లేదు.

"తగిలిందా?" అని అడిగింది తిమ్మక్క.

"లేదమ్మా," అంది.

"నేనింకా పెట్టనే ల్యా కదే," అంది తిమ్మక్క. "ఉండు. కండ్లు తెరవాకు."

పద్మప్రియ కళ్లు తెరవలేదు. పుల్ల కోసం ఎదురుచూసింది. చిటికెనవేలి పక్కన, సన్నగా, చల్లగా, అది వచ్చి తాకింది.

"ఇప్పుడు," అంది.